తుఫానులో పొద్దుటి కబురు

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి టీ తాగుతుంటే ఒకసారి నా గొంతు నాకే వినిపించింది. బెంచీ మీద కూర్చున్న ఒకావిడ చేతిలోని ఫోన్లోంచి వస్తోంది. తెల్లవారగానే మా ఇంటి కిటికీ పక్కన కూర్చుని నేను పంపిన మాటలే. ఇవాళ ఫిజియోథెరపీ పిల్లలకు క్లాసు లేదు, ఊరికే వచ్చి క్యాంటీన్లో కూర్చోవద్దు అని గట్టిగా చెబుతున్నాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, మేడంగారికి జలుబు చేసినట్టుంది, మిరియాల పాలు తాగితే తగ్గిపోతుంది కదా అని పక్కావిడతో అంది. నేను ఆ బెంచీ వెనకే ఉన్నాను. పట్టాల మీద మంచు ఇంకా విడలేదు. బండి జాడ లేదు. అవతలి ప్లాట్‌ఫాం ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఎవరి కలలోకో పొరపాటున వచ్చేసినట్టు అనిపించింది. ఇంటికి వెళ్ళాక మిరియాల పాలు తాగాను, నిజంగానే తగ్గింది.

నా ఉద్యోగం అలాంటిది. మా యూనివర్సిటీవాళ్ళు ఈ హెల్త్ సైన్సెస్ క్యాంపస్‌ను నా నెత్తిన పెట్టి, డైరెక్టర్ అని పేరు తగిలించారు. క్యాంపస్ అంటే ఒక ప్రహరీ, ఒక గేటు అనుకునేరు. ఆసుపత్రి, నర్సింగ్ కాలేజీ తెనాలి పక్కన. ఫార్మసీ కాలేజీ బాపట్లలో. పిల్లలు పల్లె వైద్యం నేర్చుకునే చిన్న కేంద్రం రేపల్లెలో. మధ్యలో అంతా వరి చేలు, కాలవలు. తెనాలిలో బోర్డుకు అంటించిన సెలవు నోటీసు సంగతి బాపట్ల చేరేసరికి ఆ సెలవు కాస్తా అయిపోయేది. ఈలోగా గోరంత కొండంతయ్యేది. ఆసుపత్రిలో ఒక గదికి సున్నం వేయిస్తే, అందులో ఏదో అంటురోగి పోయాడట, అందుకే వేయించారట అని రేపల్లెలో చెప్పుకున్నారు. నాకసలే ముక్కు మీద కోపం. విసుగెత్తిపోయి, రోజూ పొద్దున్నే అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకీ నా గొంతుతోనే నాలుగు మాటలు పంపడం మొదలుపెట్టాను.

పిల్లలు దానికి పొద్దుటి కబురు అని పేరు పెట్టారు. పిల్లలకు పంపింది వాళ్ళ అమ్మలకు వెళ్ళింది, అమ్మల దగ్గర్నుంచి పిన్నులకూ అత్తలకూ వెళ్ళింది. పిట్టలవానిపాలెంలో ఒక నాన్నగారు చేలో మందు కొడుతూ కూడా వింటారట. పరీక్షలెప్పుడో మా పిల్లకంటే నాకే ముందు తెలుసండి అని ఒక మీటింగులో నాతో గొప్పగా చెప్పుకున్నారు.

దానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. మొదట్లో ఇది ఎవరికీ రుచించలేదు. పరీక్షలు వాయిదా పడతాయా అంటే తెలియదు. కొత్త బస్సు వస్తుందా అంటే తెలియదు. అంత కుర్చీలో కూర్చుని తెలియదంటుందేంటి ఈవిడ అని లెక్చరర్లే గొణుక్కున్నారు. గొణుక్కోనీ అనుకున్నాను. పోనుపోను ఒక మార్పు వచ్చింది. నేను తెలుసు అన్న రోజున జనం మళ్ళీ ఇంకొకరిని అడగడం మానేశారు. లోపల నాకు గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

మొన్నటి తుఫాను వచ్చి ఆ గర్వాన్ని పట్టి కుదిపింది. తీరం దాటుతుందన్న రోజుకు ముందురోజే ఆకాశం తోమని ఇత్తడి గిన్నె రంగుకు తిరిగింది. ఆకు కదలలేదు. పడవలన్నీ వెనక్కి వచ్చేయాలని హెచ్చరికలు వెళ్ళాయి. బాపట్ల వైపువీ, నిజాంపట్నం రేవువీ చాలామటుకు వచ్చేశాయి. రానివాటిలో ఒకదాని మీద మా నర్సింగ్ మూడో సంవత్సరం అమ్మాయి వాళ్ళ నాన్న ఉన్నాడు. రేపల్లె దాటాక సముద్రం అంచున వాళ్ళ ఊరు. బళ్ళు ఆపేయడంతో ఆ పిల్ల హాస్టల్లోనే ఉండిపోయింది. వాళ్ళమ్మ ఊరి జనంతోపాటు తుఫాను షెల్టర్లో ఉంది. నాన్న ఫోను మోగడం లేదు.

ఆ రోజుల్లో కబురు పొద్దున ఒక్కసారి పంపితే సరిపోలేదు, ఎప్పటికప్పుడు పంపాను. ఆసుపత్రిలో జనరేటర్ నడుస్తోంది, ఆక్సిజన్ సరిపడా ఉంది, నీళ్ళు కాచి తాగండి, బాపట్ల పిల్లలు ఫోటోల కోసం డాబా ఎక్కారంటే నా చేతిలో అయిపోతారు. ఆ పిల్లే చెప్పమందని, ప్రతిసారీ ఆఖర్న, మన అమ్మాయి వాళ్ళ నాన్నగారి పడవ గురించి ఇంకా ఏమీ తెలియదు అని చెప్పేదాన్ని. ఆఫీసు కిటికీ బయట వాన తెరలు తెరలుగా పడుతూ ఉండేది. మాట్లాడి మాట్లాడి కుర్చీలోనే కన్ను మూతపడేది. ఆ మగతలో నా గొంతు నన్ను వదిలి నీళ్ళ మీదుగా వెళ్ళిపోతున్నట్టు ఉండేది. చేలు దాటి, కాలవలు దాటి, రైలు కట్ట దాటి, మనుషులెవరూ లేని చోట ఆగి ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. ఎవరూ పలికేవారు కాదు. మెలకువ వచ్చేసరికి చేతిలో ఫోను వెచ్చగా ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం హాస్టల్ వార్డెన్ వచ్చింది. నాకంటే పెద్దావిడ, గొడుగు గాలికి తిరగబడి తడిసి ముద్దయిపోయింది. పై అంతస్తు పిల్లలు నిన్నట్నుంచి వరండా ఊడవనివ్వడం లేదట. ఆకులు, చెత్త, జల్లుకు కొట్టుకొచ్చిన మట్టి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంటువ్యాధుల పాఠాలు చదివే పిల్లలు, రేపు వార్డుల్లో రోగులకు శుభ్రత గురించి చెప్పాల్సినవాళ్ళు. కబురులో ఒక్కొక్కళ్ళనీ కడిగిపారేస్తానని ఫోను తీశాను. వార్డెన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మనిషి ఊరికి బయలుదేరిన వెంటనే ఇల్లు ఊడవకూడదని మనందరి ఇళ్ళలోనూ అంటారు. ఆ పిల్ల వాళ్ళింట్లో, నాన్న సముద్రం మీదికి వెళితే, ఒడ్డు చేరాడని తెలిసేదాకా వాకిట్లో చీపురు పెట్టరట. అది తెలిసి, మేడ మీది పిల్లలంతా కలిసి చీపుళ్ళు దాచేశారట.

మూఢనమ్మకం అందామనుకున్నాను. ఫోను బల్ల మీద పెట్టేశాను. ఆ చెత్త వరండాను తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూట కబురులో శుభ్రత మాట ఎత్తలేదు.

మర్నాడు ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది. తల దువ్వుకోలేదు, కళ్ళు లోతుకు పోయాయి. కూర్చోమంటే కూర్చోలేదు. షెల్టర్లో వాళ్ళమ్మ అన్నం ముట్టడం లేదట. ఎవరి ఫోన్లోనైనా నా కబురు మోగితే మాత్రం లేచి వెళ్ళి వింటోందట, విని మళ్ళీ గోడకు తిరిగి పడుకుంటోందట. పైగా పొద్దుట్నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది, రాని పడవలన్నీ క్షేమంగా ఏదో రేవుకు చేరాయని. అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. నేను అధికారులకు ఫోన్లు చేసి చూశాను. మాకూ ఆ మెసేజే వచ్చిందండి అన్నారు.

"మా నాన్న వచ్చేశాడని ఒక్కసారి చెప్పండి మేడం," అంది. "మీరు చెప్తే మా అమ్మ నమ్ముద్ది. నాలుగు ముద్దలు తింటది."

తర్వాత కాదని తెలిస్తే ఆవిడ ఏమవుతుందని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"అప్పటికి తినేసి ఉంటదిగా, మేడం."

చెప్పలేను తల్లీ అన్నాను. తెలియంది ఒక్కసారి తెలుసంటే ఇక నా మాటకు విలువేముంటుందని ఏదో నచ్చజెప్పబోయాను. ఆ పిల్ల వినలేదు. మీకేం పోయిందండి అని వెళ్ళిపోయింది. తలుపు గాలికి కొట్టుకుంటూ ఉంది, లేచి మూయడానికి కూడా చేతకాలేదు నాకు. ఒక తల్లి పస్తుంటే నా నియమం ఎవరిక్కావాలి అని నన్ను నేనే తిట్టుకున్నాను. వచ్చేశాడట అని చెబుదామని ఫోను నోటి దాకా తెచ్చాను కూడా. మళ్ళీ దించేశాను. చివరికి, పడవ గురించి తెలియదు, తిరుగుతున్న మెసేజ్ నిజమో కాదో తెలియదు అని ఎప్పటిలాగే చెప్పాను. చెప్పి, అమ్మా, మీరు ఎక్కడుండి వింటున్నా సరే, కాస్త అన్నం తినండి, ఆకలితో ఉన్న మనిషికి దిగులు ఇంకా బరువవుతుంది, ఇది మాత్రం నాకు తెలిసే చెబుతున్నాను అన్నాను. తిన్నదో లేదో తెలియలేదు.

తుఫాను దాటి వాన వెలిసిన పొద్దున నాకు ఫోను వచ్చింది. మా దగ్గరే చదువుకుని దక్షిణాన ఒక రేవు ఊళ్ళో నర్సుగా చేస్తున్న అమ్మాయి. గాలికి కొట్టుకుపోయిన ఒక పడవలోని మనుషుల్ని వేరే పడవవాళ్ళు ఒడ్డుకు చేర్చి, ఆ ఆసుపత్రిలో దించారట. అందులో ఒకాయన ఫోను సముద్రంలో పోయింది, ఒక్క నంబరూ నోటికి రాదు. కూతురు చదివే కాలేజీ పేరు మాత్రం అందరికీ చెబుతున్నాడట. అది తన కాలేజీ కావడంతో ఈ అమ్మాయి నాకు ఫోను చేసి ఆయన చేతికి ఇచ్చింది. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, పడవ ఎవరిదో చెప్పాడు, కూతురు ఏ సంవత్సరమో చెప్పాడు. అన్నీ సరిపోయాయి. గొంతు ఉప్పుకు పగిలిపోయి ఉంది. మా పిల్ల అన్నం తింటుందాండి అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా లైను తెగిపోయింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు. వాళ్ళమ్మ ఫోను అసలు ఆన్‌లోనే లేదు.

అప్పుడు నేను చేయాల్సింది ఎప్పటిలా కబురు పంపడమే. కానీ ఈ ఒక్క మాటా ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పాలనిపించింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి హాస్టల్ వైపు నడిచాను. వాన నీళ్ళు దారంతా నిలిచి ఉన్నాయి. ఆకాశం, మబ్బులు, వేపచెట్టు కొమ్మలు అన్నీ కాళ్ళ కిందే ఉన్నాయి. అడుగు వేస్తే అవి చెదిరి మళ్ళీ కలుసుకుంటున్నాయి. నేల మీద నడుస్తున్నానో, మబ్బు మీద నడుస్తున్నానో తెలియలేదు. బతికున్నాడు, బతికున్నాడు అని నాలో నేనే అనుకుంటూ మెట్లెక్కాను.

వరండాలో నిలబడి ఉన్న పిల్లలు నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకతె గోడకు జారగిలబడి అక్కడే కూలబడింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. గదిలోకి వెళ్ళాను. సంతోషానికి నా కళ్ళు తడిసి ఉన్నాయి, ఆయాసానికి మాట రావడం లేదు. మోకాళ్ళు ఆగక ఆ పిల్ల పక్కనే మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఎక్కడ దొరికాడు మేడం?" అంది, నా వైపు చూడకుండా.

అప్పటికి గాని నాకు బుర్ర వెలగలేదు. నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలకు ఏటా నేనే ఒక క్లాసు చెబుతాను. చెడు కబురు ఫోన్లో చెప్పకండి. మనిషి దగ్గరికి వెళ్ళండి, కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, ఆ తర్వాతే నోరు తెరవండి. ఆ మేడ మీద ఉన్న ప్రతి పిల్లా ఆ పాఠం రాసుకుని పరీక్ష పాసైనదే. ఇన్నాళ్ళూ ఫోన్లో పలికిన మనిషి ఇవాళ మెట్లెక్కి వచ్చి, కూర్చుని, చెయ్యి పట్టుకుంటే వాళ్ళు ఏమనుకుంటారు?

"బతికే ఉన్నాడే పిచ్చితల్లీ, ఇప్పుడే మాట్లాడాను," అన్నాను.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. "నేను అడిగానని చెప్తున్నారు," అంది. ఒట్టు వేశాను. ఆసుపత్రి ఏదో, నర్సు ఎవరో, ఆయన ఏమడిగాడో అంతా చెప్పాను. వింటూనే ఉంది, లోపలికి మాత్రం వెళ్ళడం లేదు. గుమ్మంలో పిల్లలు బిక్కచచ్చిపోయి చూస్తున్నారు. ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కళ్ళెదుట కూర్చున్న మనిషి మాట నమ్మవేమే అని అరవబోయి, ఆగి, ఒళ్ళో ఉన్న ఫోను తీశాను.

రోజూ చెప్పినట్టే చెప్పాను. అందరికీ నమస్కారం. వాన వెలిసింది. మన నర్సింగ్ అమ్మాయి వాళ్ళ నాన్నగారు క్షేమంగా ఉన్నారు. నేనే మాట్లాడాను. ఇది నాకు తెలుసు.

కబురు వెళ్ళిన కాసేపటికి వరండాలో ఒక ఫోను పలికింది. తర్వాత పక్క గదిలో ఇంకొకటి, కింద అంతస్తులో ఇంకొకటి. ఒకదాని మాట ముగియకముందే ఇంకొకటి మొదలవుతూ, నేను నోరు మూసుకుని కూర్చుని ఉండగానే హాస్టల్ అంతా నా గొంతు నిండిపోయింది. ఆ పిల్ల తలగడ కింద నుంచి తన ఫోను తీసి చెవికి ఆనించుకుంది. ఆఖరి మాట దాకా విని, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది. ఆ రెండోసారికి ఏడుపు పొంగుకొచ్చింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నన్ను చూడలేదు, ఆ ఫోన్నే రెండు చేతులతో పట్టుకుని, అమ్మకు పంపండే, ఎవరైనా మా అమ్మకు పంపండే అంటూ గుమ్మంలో ఉన్నవాళ్ళకేసి చూసి ఏడ్చింది.