గోవిందప్ప ఇచ్చిన మూడు పంటల గూళ్లు

ఎలుకలకని చైతన్య చెప్పలేదు. గోవిందప్పకు జరిగిన అన్యాయం అంతే.

చౌడేపల్లె దగ్గర ఎకరన్నర మల్బరీ తోట గోవిందప్పది. పట్టుపురుగులు మేపి, గూళ్లు మదనపల్లె మార్కెట్లో అమ్మేవాడు. బీడీ వాసనతో దేవుడొచ్చినా పురుగుల గదిలోకి రానిచ్చే మనిషి కాదు. 2006లో అతని భార్య ఆదిలక్ష్మికి రొమ్ములో గడ్డ కనబడింది. నెలలోపల ఆపరేషన్ చేయించుకోమన్నాడు వేలూరు డాక్టరు.

ఆ వారమే చైతన్య వచ్చాడు. కుప్పం పిల్లాడు, బెంగళూరులో పరిశోధన చేస్తున్నాడు. పురుగుమందు తగలని ఆకు తిన్న పురుగుల గూళ్లు కావాలన్నాడు. ఎందుకని అడిగింది ఆదిలక్ష్మి.

"పట్టును కరిగించి జిగురు మాదిరి చేస్తామమ్మా. దాంట్లో మందు కలిపి క్యాన్సర్ గడ్డ పక్కన పెడితే, వారాల తరబడి కొంచెం కొంచెం ఊరతాది. ఆ మందు గడ్డను చంపదు. మన ఒంట్లో కాపలా ఉండే కణాలను నిద్రలేపతాది. అవే గడ్డ మీద పడతాయి."

"నాకూ ఉండాదప్పా ఆ గడ్డ. వేలూరులో కోయాలంటాండారు. కోయకుండా పోతాదా?"

"ఆ రోజు రావాలనే మా పనంతా."

"ఎప్పటికి తేలతాది?" అన్నాడు గోవిందప్ప.

చైతన్య గూళ్ల బుట్ట వైపు చూశాడు. "మూడు పంటలు ఇయ్యన్నా, తేలిపోతాది."

పురుగులు మేపే ఇంట్లో కాలాన్ని పంటలతోనే కొలుస్తారు. గది కడిగి, ఆకు మళ్లీ ఎదిగేదాకా కలిపి పంటకు రెండు నెలలు. మూడు పంటలే గదా అని ఆపరేషన్ మానుకున్నారు. ప్రతి పంటకూ మెరుగైన గూళ్లు ఆదిలక్ష్మే ఏరి, పాత పంచెలో మూటకట్టేది.

"నా మందు నేనే మేపుకుంటాండాను సూడు" అని నవ్వేది.

మూడో మూట గోవిందప్పే బెంగళూరు మోసుకెళ్లాడు. అద్దాల గదిలో తెల్ల ఎలుకలు, ఒక్కోదాని డొక్కలో ఒక్కో గడ్డ. మనుషులకు ఎప్పుడని అడిగాడు. అక్కడ పనిచేసే అమ్మాయి, పదేళ్లు పట్టచ్చు, అసలు రాకపోవచ్చు అంది. చైతన్య నేల చూపులు చూశాడు.

మళ్లీ వేలూరు చేరేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఎండాకాలంలో ఆదిలక్ష్మి పోయింది. చైతన్య వ్యాసం అచ్చయింది. చదువుకున్నవాడికి అబద్ధం ఆడే అవసరం రాదు, నోరు మూసుకుంటే చాలు.

2009లో ఇద్దరూ పుంగనూరు బస్టాండులో ఎదురుపడ్డారు. తప్పుకోబోయి ఆగాడు చైతన్య.

"బాగుండావా అన్నా?"

"ఎలకలకు తగ్గిందా?"

"సగానికి పైగా తగ్గింది."

గోవిందప్ప తలూపాడు. మదనపల్లె బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"ఎలకలకని సెప్పింటే కూడా గూళ్లు ఇచ్చేవాణ్ణప్పా. ఆమెను మాత్రం వేలూరికి తోడుకోని పోయేవాణ్ణి."