ఖూనీకోరు దొరికేదాకా దిగనన్న మామ్మ

పాలిటెక్నిక్ ముగించి గరివిడి ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, ఓ ఆదివారం విజయనగరంలో ప్యాసింజరు ఎక్కి, చివరి రెండు అధ్యాయాలే మిగిలిన డిటెక్టివ్ నవల తెరిచాను. అందులో హంతకుణ్ణి పట్టేది పోలీసులు కాదు, ఓ ముసలమ్మ.

"ఏటి బాబూ, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు? మాకూ సెప్పు," అంది ఎదురుగా కూర్చున్న మామ్మ. అంతవరకు జరిగిన కథ చెప్పి, మిగతాది పైకి చదవసాగాను. అనుమానితులు నలుగురు. కారణాలన్నీ వరసగా చూపించి, డాక్టరే హంతకుడన్నాను.

"కాదు, సచ్చినాయన మేనల్లుడు. వాడి ఏడుపు మరీ ఎక్కువయిపోనాది," అంది మామ్మ.

చివరి అధ్యాయంలో ఉండగా, ఆమె దిగాల్సిన నెల్లిమర్ల వచ్చింది. ప్లాట్‌ఫారం మీద కొడుకు కనిపించాడు. మామ్మ కిటికీలోంచి, "ఒరే, ఖూనీ సేసినోడు దొరికేదాకా నాను దిగను. నువ్వెళ్లిపో," అని కేకేసింది. రైలు కదిలింది.

ప్రతి వాక్యానికీ ఆమె ప్రశ్నలు వేయడంతో, గరివిడి వచ్చేసరికి ఇంకా రెండు పేజీలు మిగిలాయి. ఇద్దరం దిగగానే స్టేషన్లోని కానిస్టేబులు నా చెయ్యి పట్టుకున్నాడు. రైల్లో నిజంగానే ఖూనీ జరిగిందని మామ్మ కొడుకు కంగారుపడి నెల్లిమర్ల నుంచి ఫోను చేయించాడట.

మామ్మ నవల చూపించింది. "ఖూనీకోరు ఇందులో ఉన్నాడు నాయనా. ఈ బాబుని వొదిల్తే సదువుతాడు."

"అయితే సదవండి, నానూ వింతాను," అని కానిస్టేబులు బెంచీ మీద కూర్చున్నాడు.

హంతకుడు మేనల్లుడే.

"నీకు ముందే ఎలా తెలిసినాది మామ్మా?" అని కానిస్టేబులు అడిగాడు.

"నాకూ ముగ్గురు మేనల్లుళ్లున్నారు," అంది మామ్మ.

ఆమెను తిరుగు రైలెక్కించేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. ఇప్పటికీ నవలలో ఎవరైనా అతిగా ఏడిస్తే, నా అనుమానితుల వరసలో ముందు వాడినే నిలబెడతాను.