నిద్రపోలేదని చెప్పే వాచీ

ఏసోబు బాబాయి చేత చెయ్యని తప్పు ఒప్పించినవాడు అచ్యుతరావు అనే చెరువు ఆసామి. ఆకివీడుకు అవతల, కొల్లేరు అంచున, అచ్యుతరావూ ఇంకో నలుగురు వాటాదారులూ కలిసి ఒక చేపల చెరువు నడిపేవారు. బాబాయి దానికి కాపలా. ఇంకొన్ని రోజుల్లో చేపలు పడతారనగా ముసురు పట్టింది. ముసురు రోజుల్లో చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు ఏరేటర్లు తిప్పి నీళ్లను చిలకాలి. ఆవేళ కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ లేదు. డీజిల్ అయిపోవచ్చిందని బాబాయి ముందురోజే అచ్యుతరావుకి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. పంపిస్తానన్న మనిషి పంపలేదు. బాబాయి పడవెక్కి, తెడ్డుతో నీళ్లు కొడుతూ చెరువంతా తిరిగాడు. ఒక్క తెడ్డుకి ఎంత చెరువు కదులుతుంది? తెల్లారేసరికి నీళ్లు కనిపించలేదు, వెల్లకిలా తేలిన చేపల పొట్టలే కనిపించాయి.

వాటాదారులు వచ్చారు. డీజిల్ సంగతి బయటపడితే నష్టమంతా అచ్యుతరావు నెత్తిన పడుతుంది. ఆయన బాబాయిని పాక వెనక్కి తీసుకెళ్లి నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు.

"నిద్ర పట్టేసిందని చెప్పెయ్ ఏసోబూ. మనిషన్నాక నిద్ర పట్టదా? ఎవరూ ఏమీ అనరు. డీజిల్ ఊసెత్తావంటే మాత్రం, అది నువ్వే అమ్ముకున్నావని స్టేషన్లో చెప్పాల్సొస్తుంది."

బాబాయి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, ఐదుగురి ముందు, నిద్రపోయానని చెప్పాడు. ఆ తర్వాత కొల్లేరు చుట్టుపక్కల ఏ చెరువు మీదా ఆయనకు పని దొరకలేదు.

ఇదంతా నాకు కృపమ్మ పిన్ని చెప్పింది. ఆవిడ మా అమ్మకు చెల్లెలు, బాబాయికి భార్య. బాబాయి తన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి నేనే అడిగాను, చెయ్యనిది ఎందుకు ఒప్పుకున్నారని. "ఏమో శ్యామూ, ఒక్క కునుకు పట్టిందేమోలే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అబద్ధం చెప్పించినవాడు దాన్ని ఆ సాయంత్రమే మరిచిపోయి ఉంటాడు. చెప్పినవాడు మాత్రం దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఏళ్ల తరబడి పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు.

వాళ్లకి పిల్లలు లేరు. ఇద్దరూ ఏలూరు వచ్చేశారు. పవర్‌పేటలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా బాబాయి కుదిరాడు. నిద్రపోయాడన్న పేరుతో పని పోయినవాడికి మళ్లీ కాపలా పనే దొరకడం విచిత్రమే గాని, ఆ పేరు అప్పటికింకా ఏలూరు దాకా రాలేదు. సెల్లారులో, మెట్ల కింద ఒక గది ఇచ్చారు. పిన్ని పై అంతస్తుల్లో రెండిళ్లలో పని చేసేది.

మూడో అంతస్తులో ఫణికిరణ్ అని కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకునే కుర్రాడు ఉండేవాడు. కొత్త వాచీ కొనుక్కుని పాతది బాబాయికి ఇచ్చాడు. తనే బాబాయి ఫోన్లో అన్నీ సర్ది చూపించాడు.

"ఎంత నడిచారో చెబుతుందండి. గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. ఎంతసేపు పడుకున్నారో కూడా చెబుతుంది."

"పడుకోకపోతేనో అండి?"

"పడుకోలేదనీ చెబుతుంది."

బాబాయి ఆ వాచీని చేతికి కట్టుకున్నది ఆ మాట మీద. నడక గురించి ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

రోజూ పొద్దున్నే ఫోన్ తెరిచేవాడు. అందులో రాత్రంతా ఒక పొడుగాటి పట్టీలా కనిపిస్తుంది. నిద్ర నీలం రంగు, మెలకువ నారింజ రంగు. కింద నిద్రకి మార్కులు వేస్తుంది. లోకమంతా ఆ మార్కులు పెరగాలని చూస్తుంటే, బాబాయికి అవి ఎంత తగ్గితే అంత సంబరం. పాలు తెచ్చుకునేవాళ్లకి, పిల్లల్ని స్కూలు వ్యాను ఎక్కించడానికి దిగినవాళ్లకి ఫోన్ చూపించేవాడు. అపార్ట్‌మెంటు సంఘానికి పెద్ద సీతారత్నం గారు, రిటైరైన టీచరు, ఒకరోజు విసుక్కున్నారు.

"నువ్వు పడుకున్నావా అని నేనేమైనా అడిగానా ఏసోబూ?"

"అడగలేదండి. అయినా చూడండి ఒకసారి."

ఫణికిరణ్ కూడా చెప్పి చూశాడు. "ఏసోబు గారూ, ఈ వాచీ పెట్టింది సరిగ్గా పడుకోమని చెప్పడానికండి. మీకేమో మార్కులు సున్నాకి దగ్గరపడుతున్నాయి."

"మీ దయండి" అన్నాడు బాబాయి.

ఆ చలికాలం పిన్నికి జబ్బు చేసింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూసిన నర్సు, "ఆక్సిజన్ పడిపోయిందండి" అంది. బాబాయి గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. నర్సు ఈయనకీ ఏదో జబ్బనుకుని మంచినీళ్లు తెచ్చింది. ఆ మాటకి ఆయన బతుకులో ఒకటే అర్థం ఉందని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

పిన్ని కోలుకుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, తిని పడుకోవడమే మందు అని డాక్టరు చెప్పి పంపాడు. కాని బాబాయి వారం తిరక్కుండా ఇంకో వాచీ కొన్నాడు. ఆక్సిజన్ చూసే వాచీ. దాన్ని పిన్ని చేతికి కట్టి, అంకె తన ఫోన్లోకి వచ్చేలా ఫణికిరణ్ చేత పెట్టించుకున్నాడు. పిన్ని మణికట్టు సన్నం. పట్టీ చివరి కన్నానికి పెట్టినా వదులే. వదులుగా ఉంటే ఆ వాచీ తోచిన అంకె చూపిస్తుంది. అది బాబాయికి తెలియదు. ఆయనకి తెలిసింది ఒక్కటే. ఆక్సిజన్ పడిపోతే చిలకాలి.

అంకె తగ్గగానే పిన్నిని లేపేవాడు. లేపి కూర్చోబెట్టి, తలుపు బార్లా తీసి, తువ్వాలుతో విసిరి, చెయ్యి పట్టుకుని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిపించేవాడు. ఈ కదలికలో వాచీ ఎక్కడో అక్కడ చర్మానికి సరిగ్గా ఆనేది, అంకె పెరిగేది. "చూశావా? లేపాను కాబట్టి సరిపోయింది" అనేవాడు. అలా ప్రతిసారీ ఆయన మాటే నెగ్గేది.

"మీ మరిది గారు నన్ను చెరువనుకుంటున్నారక్కా" అని పిన్ని మా అమ్మకు ఫోన్లో చెప్పింది. "చిలుకుతున్నారు."

అమ్మ పకపకా నవ్వింది. అవతల పిన్ని నవ్వడం లేదని కాసేపటికి గ్రహించి ఆపింది. కోపంతో కేకలేసే మొగుణ్ణయితే ఏదో ఒకటి అనొచ్చు. ఈయనేమో లేపిన ప్రతిసారీ తప్పు చేసినవాడిలా చూస్తాడట, క్షమించమంటాడట, మళ్లీ లేపుతాడట.

ఒక ఆదివారం నేను పని మీద ఏలూరు వెళ్లి వాళ్లతో పాటు చర్చికి వెళ్లాను. చాపల మీద ఆడవాళ్లు ఒకపక్క, మగవాళ్లు ఒకపక్క. పాస్టరు నెల్సన్ గారు వాక్యం చెబుతున్నారు. ఆయన మొదలుపెడితే ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేదాకా ఆపరు. పిన్ని గోడకి జారగిలబడి, ముసుగు కొంచెం ముందుకి లాక్కుని నిద్రపోయింది. ఆ వారం మొత్తానికి ఆవిడకి దొరికిన నిద్ర అదేనేమో, నోరు కొంచెం తెరుచుకుంది. నా పక్కనున్న బాబాయి ఫోన్ చూశాడు, పిన్ని నోరు చూశాడు. లేచి నిలబడ్డాడు. నేను చొక్కా పట్టుకునేలోపే ఆడవాళ్ల మధ్యలోంచి వెళ్లి పిన్నిని రెండు చేతులా లేవదీశాడు. మధ్య దారిలో గుమ్మం దాకా నడిపించి, మళ్లీ వెనక్కి తిప్పాడు. పిన్ని ఇంకా పూర్తిగా మేలుకోలేదు. కాళ్లు తడబడుతున్నాయి.

నెల్సన్ గారు వాక్యం ఆపారు. "ఏసోబు గారూ, ప్రార్థనకి ముందుకు పిలిచేది చివర్లో కదండీ. అప్పుడే వచ్చేశారేంటి?"

చర్చంతా గొల్లున నవ్వింది. బాబాయికి ఆ నవ్వు వినిపించనే లేదు. ఫోన్ పైకెత్తి అందరికీ చూపిస్తూ, "ఎక్కిందండి, తొంభై ఆరు" అన్నాడు, అందరూ దానికోసమే కంగారుపడుతున్నట్టు.

బయటికొచ్చాక పిన్ని వాచీ విప్పి బాబాయి చొక్కా జేబులో పెట్టింది. గొంతు పెంచలేదు. "ఏవండీ, నేను మా అక్క దగ్గర నిద్రపోయి వస్తాను" అంది. అలాగే, పండక్కి కట్టుకొచ్చినట్టున్న ఆ చర్చి చీరతోనే, నాతో బస్సెక్కి తాడేపల్లిగూడెం వచ్చేసింది.

మా ఇంట్లో ఆవిడ నిద్రపోయిన తీరు చూస్తే భయమేసేది. అన్నం కంచం ముందు, ఎండలో బట్టలు మడతపెడుతూ, ఎక్కడ పడితే అక్కడ. కొన్నాళ్లకి ఆవిడ బట్టలు తీసుకురమ్మని అమ్మ నన్ను ఏలూరు పంపింది.

బాబాయి సెల్లారులో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకీ రెండు వాచీలు. నన్ను చూడగానే పిన్ని ఎలా ఉందని కూడా అడగలేదు. ఫోన్ నా ముందు పెట్టాడు. పట్టీ నిండా నీలం.

"నిన్న రాత్రి ఈ కుర్చీలోంచి కదల్లేదు శ్యామూ. గేటు మీదే ఉన్నాయి కళ్లు. ఇది నేను పడుకున్నానంటోంది."

"దానికి కళ్లున్నాయా బాబాయ్? మీ చెయ్యి కదల్లేదు, గుండె నెమ్మదిగా ఉంది. పడుకున్నారనుకుంది. అంతే."

"మిగతా రోజులు నిజమే చెప్పింది కదా."

"మిగతా రోజులు మీరు మొదట్లో గేటు చుట్టూ తిరిగేవారు, తర్వాత పిన్నిని లేపుకుంటూ గదంతా తిరిగారు."

ఎవరిదో కారు వస్తే ఆయన లేచి గేటు తీసి, వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"అయితే నాకు తెలియకుండానే పడుకుంటానన్నమాట" అన్నాడు. "మెలకువగా ఉన్నాననుకుంటూనే. ఆవేళ చెరువు మీద కూడా అదే జరిగి ఉంటుంది."

"తెడ్డేస్తూ ఎవడు నిద్రపోతాడు? అరచేతులు బొబ్బలెక్కాయని పిన్ని చెప్పింది."

"బొబ్బలు వచ్చాయి. తెడ్డెయ్యడం ఎప్పుడు మొదలెట్టానో ఎవరు చూశారు? ఓ నిద్ర తీసి లేచాక మొదలెట్టానేమో."

నాకు కోపం ఆగలేదు. అచ్యుతరావుని నోటికొచ్చినట్టు తిట్టాను. చదివిన పుస్తకాల్లోంచి అన్యాయం గురించి తెలిసిన మాటలన్నీ వాడాను. బాబాయి అటూ ఇటూ చూసి, "మెల్లగా నాన్నా, పైన వింటారు. నేను పడుకుంటానని ఇక్కడ తెలిస్తే ఈ పని కూడా పోతుంది" అన్నాడు. నేను పిన్ని బట్టలు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆయనకి కావాల్సింది తిట్టే మనిషి కాదని దారిలో తట్టింది. మరేం కావాలో తట్టలేదు.

ఆ నెలాఖరున ఆయన గూడెం వచ్చాడు, పిన్నిని తీసుకెళ్లడానికి. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు. తర్వాత నేను పని కోసం వేరే ఊరు వెళ్లిపోయాను. గుమ్మంలో నిలబడ్డ బాబాయిని పిన్ని లోపలికి రమ్మనకముందే, "చేతులు చూపించండి" అంది. చూపించాడు. రెండూ ఖాళీ. వాచీలు ఏం చేశాడని ఎవరం అడగలేదు.

"నిద్రపోతుంటే లేపకూడదు" అంది పిన్ని. "నాకేదో అయిపోయిందని తోచినా సరే, లేపకూడదు. మాటిస్తేనే వస్తాను."

"లేపను" అన్నాడు.

"అలా నేల చూస్తూ కాదండి."

ఆయన తలెత్తి, "లేపను కృపమ్మా" అన్నాడు. అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. చేపల పులుసు గిన్నె ఆయన ముందుకి జరిపితే, అలవాటుగా వద్దన్నాడు.

మధ్యాహ్నం బండికని నేను వాళ్లని స్టేషనుకి దిగబెట్టాను. ప్లాట్‌ఫారం మీద, నీడలో ఉన్న బెంచీ దొరికింది. బండి ఆలస్యం. తిన్న తిండికీ గాలికీ పిన్ని బాబాయి భుజం మీద తల వాల్చింది. కాసేపటికి గుర్రు వినిపించింది. బాబాయి కదలకుండా కూర్చున్నాడు. మొదట్లో ఆయన కళ్లు ఆవిడ ముక్కు దగ్గరే ఉన్నాయి. చెయ్యి ఒకసారి లేచింది. ఆ చేతిని తనే రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏలూరు వైపు వెళ్లే బండి వచ్చింది. "బాబాయ్, బండి" అన్నాను. ఆయన వద్దన్నట్టు వేలు ఊపాడు. జనం దిగారు, ఎక్కారు. పల్లీలమ్మే ఆవిడ మా ముందే అరుచుకుంటూ పోయింది. బండి కదిలి, చివరి పెట్టె కూడా దాటిపోయింది. ఆయన భుజం అంగుళం జరగలేదు. నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఎప్పటికో ఒక గూడ్సు కూత వేసుకుంటూ పోతే పిన్ని ఉలిక్కిపడి లేచింది. పట్టాలు చూసింది, ఎండ చూసింది, ఖాళీ అయిన ప్లాట్‌ఫారం చూసింది.

"బండి వెళ్లిపోయిందా? మీరూ నిద్రపోయారా ఏంటి?"

ఆవిడ నవ్వుతూనే అడిగింది. ఆయన పక్కన చాలా రోజులకి కంటినిండా నిద్రపోయిన మనిషి నవ్వు అది. బాబాయి మాత్రం లేచి నిలబడి, చేతులు కట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"నేను నిద్రపోలేదు కృపమ్మా. మాటిచ్చానని లేపలేదంతే. వీడిక్కడే ఉన్నాడు, అడుగు. చెప్పు శ్యామూ, నువ్వు చూశావు కదా. నేను మెలకువగానే ఉన్నానని చెప్పు."