పది గజాల తాడు

మొన్నటి గాలివానకు వేపకొమ్మ విరిగి మా వెనక వసారా మీద పడింది. రేకులు నాలుగు పోయాయి, వాటి కింద వేలాడుతున్న దండెం రెండు ముక్కలైంది. రేకుల కోసం మావాళ్ళు బాధపడ్డారు, నేను దండెం కోసం. భవానీపురంలో మా వీధి వాళ్ళంతా మేడల మీద ప్లాస్టిక్ తీగలు కట్టుకుని బట్టలారేసుకుంటుంటే నేను మాత్రం ఇన్నేళ్ళూ ఈ వెదురు కర్ర మీదే ఆరేసుకుంటూ వచ్చాను. ఏటా దానికి కిరసనాయిలు రాసి, చెద పట్టకుండా పసిబిడ్డలా చూసుకునేదాన్ని. "అత్తయ్యా, దాన్ని తీసేసి స్టీలు పైపు వేయిద్దామండీ" అని మా కోడలు అనని ఏడాది లేదు. ఇప్పుడు ఆ అమ్మాయి మాటే నెగ్గింది. ముక్కలు ఏరి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని చూస్తే, ఒకదానికి చెయ్యి పట్టుకునే చోట ఎర్రనూలు చుట్లు నాలుగు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఎరుపని నాకు తెలుసు గనక ఎరుపు, చూసేవాళ్ళకు అది మట్టిరంగే. "ఏంటి నానమ్మా అది?" అని మనవరాలు అడిగితే "జావెలిన్" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. ఎనభై దాటిన ముసలిదాని నోట ఆ మాట వింటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

అది మా బాబాయిది. నాన్నకు ఆఖరి తమ్ముడు. నాకు పదేళ్ళప్పుడు ఆయనకు పంతొమ్మిది. ఈ ఊరిని అప్పట్లో అందరూ బెజవాడ అనేవాళ్ళు. ఇటువైపు ఇన్ని ఇళ్ళు లేవు. నేతపనివాళ్ళ ఇళ్ళు ఓ పాతిక, వాటి వెనక కృష్ణ ఒడ్డు, ఎండాకాలం వస్తే కనుచూపు మేరా ఇసుక. మా ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి, నాన్నదొకటి, బాబాయిదొకటి. యుద్ధం రోజులు కావడంతో నూలు దొరక్క మగ్గాలు వారంలో సగం రోజులు ఊరికే ఉండేవి. హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ డ్రిల్ మాస్టారు బాబాయి చేత ఈటె వేయించేవారట. చదువు అయిపోయాక, బడిలో వేరే ఎవరూ ముట్టుకోని ఆ పాత ఈటెను ఆయనకే ఇచ్చేశారు. వెదురు కర్ర, ఇనప మొన. పట్టు జారుతోందని బాబాయి మా అద్దకం కుండలో ముంచిన ఎర్రనూలు తెచ్చి దానికి చుట్టుకున్నాడు. నూలు కరువులో ఉన్న ఇంట్లో అదొక నేరమే. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది గానీ సాధించడం మానలేదు.

"ఆ ఈటె ఇసిరితే ఏం రాలుద్దిరా? మావిడికాయన్నా రాలుద్దా?" అనేది.

"రాలితే నీకే తెచ్చిస్తాలే అమ్మా" అని ఆయన ఈటె భుజాన వేసుకుని ఇసుకలోకి దిగేవాడు. వెనకాల నేను.

ఆయన విసరడం చూసి తీరాల్సిందే. పరుగు మొదట్లో చాలా మామూలుగా, ఏదో పనిమీద వెళ్తున్నట్టు ఉండేది. చివరి నాలుగడుగుల్లో ఒళ్ళంతా వెనక్కి వాలి, భుజం దగ్గర ఎక్కడో ముడి విప్పినట్టయి ఈటె వెళ్ళిపోయేది. వెదురు గాలిలో సన్నగా వణికే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అది ఇసుకలో దిగేదాకా బాబాయి ఊపిరి పీల్చేవాడు కాదు. దిగగానే "అమ్మడూ, తాడు!" అని కేకేసేవాడు. కొలిచే ఉద్యోగం నాది. బడిలో టేపు సగానికి తెగిపోయి ఉండడంతో నాయనమ్మ మాకు నూలు పేని పది గజాల తాడు చేసిచ్చింది. గీత దగ్గర నుంచి ఆ తాడు ఒక్కోసారి పరుచుకుంటూ వెళ్ళి, మిగిలిన కాస్తనీ ఇంట్లో బట్ట కొలిచే గజం బద్దతో కొలిచేదాన్ని. అయిదు తాళ్ళు, ఒక గజం. యాభై ఒకటి. ఆయన ఎంత బాగా విసిరినా అంతే. యాభై ఒకటి దగ్గర కనపడని గోడేదో కట్టినట్టు ఈటె అక్కడే దిగేది.

ఆ ఎండాకాలంలో మద్రాసులో పోటీలున్నాయని డ్రిల్ మాస్టారు కబురు తెచ్చారు. గెలిచినవాడికి అక్కడి వ్యాయామ కళాశాలలో సీటు, తిండీ బసా వాళ్ళవే. అంతకు ముందు సంవత్సరం గెలిచినతను యాభై నాలుగు గజాలు వేశాడట. అదే వారంలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక బడిలో డ్రిల్ చేయించడానికి మనిషి కావాలని కూడా చెప్పారు. జీతం చిన్నదే, కానీ నికరమైనది. ఇబ్బందేమిటంటే, మద్రాసులో పోటీలు జరిగే రోజుల్లోనే అక్కడ చేరాలి. నాన్న నెమ్మదిగా మాట్లాడే మనిషి. భోజనాల దగ్గర ఒకటే మాట అన్నాడు. "యాభై నాలుగు దాటావంటే మద్రాసు ఎళ్ళు. దాటకపోతే జంక్షన్లో చేరు. నాకేం అభ్యంతరం లేదు, నీ చెయ్యే చెప్పాలి." బాబాయి తల ఊపాడు. చేతిలో పది రోజులున్నాయి.

ఆ పది రోజుల్లో ఆరు రోజులు యాభై ఒకటే. ఆరో రోజు సాయంత్రం ఆయన ఈటె పక్కనే ఇసుకలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకుంటూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసం నేనేం చేయగలను? ఈటె వేయలేను. నా చేతిలో ఉన్నది తాడొక్కటే. అది చూస్తే ఇసుకలో ఈడ్చీ ఈడ్చీ పురి సడలి, పోగులు లేచి, పాత చీపురులా తయారైంది. మర్నాడు పొద్దున వీధిలో, మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నారు. నేత ఇంట్లో పుట్టినదాన్ని. నూలు బలహీనపడితే గంజి పెట్టాలని నాకు ఒకరు చెప్పాలా? తాడు పట్టుకెళ్ళి వేడి గంజి కుండలో ముంచి, చుట్ట చుట్టి మేకుకు తగిలించాను. మధ్యాహ్నానికి ఎండి కర్రలా బిగుసుకుంది. కొత్త తాడులా ఉందని నాకు నేనే మురిసిపోయాను. పడుగును రెండు వైపులా లాగి కట్టి ఆరబెడతారనీ, అలా లాగకుండా ఆరబెడితే నూలు ముడుచుకుపోతుందనీ కూడా నాకు తెలుసు. రోజూ కళ్ళ ముందు చూస్తున్నదే. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం అయిదు తాళ్ళు పరిచాక ఈటె ఇంకా దూరంగా ఉంది. గజం బద్ద ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నేను అరిచిన అరుపుకు అవతల గట్టున గేదెలు తలెత్తి చూశాయి. బాబాయి పరుగెత్తుకొచ్చి తనే మళ్ళీ కొలిచాడు. యాభై అయిదు. నన్నెత్తి భుజాన కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పాడు. మర్నాడు నాన్న కూడా వచ్చి కొలిచాడు. బొటనవేలితో తడిమి బట్టలో పోగులెన్నో చెప్పగల మనిషి, ఆ తాడును మాత్రం అనుమానించలేదు. తన తల్లి పేనిన తాడు మరి. గజం బద్ద మా చేతిలోనే ఉంది, దాన్ని ఒక్కసారి తాడు పక్కన పెట్టి చూసుకోవాలని ముగ్గురిలో ఏ ఒక్కరికీ తోచలేదు. జంక్షన్ బడికి రానని బాబాయి ఉత్తరం రాసేశాడు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసొచ్చింది కూడా నేనే.

ఆయన మద్రాసు రైలెక్కిన మూడో రోజు నాయనమ్మ ఏదో పనికి ఆ తాడు తీసి గజం బద్దతో కొలిచింది. "ఇదేంటే, మూరన్నర తగ్గింది? ఎవరు తడిపారు దీన్ని?" అంది. జవాబు కోసం ఆగకుండా దాన్ని రెండుగా కోసి కట్టెలమోపులు కట్టుకుంది. నేను పలక తీసుకుని మగ్గం గుంటలో కూర్చున్నాను. తాడుకు మూరన్నర చొప్పున అయిదు తాళ్ళకు ఏడున్నర మూరలు, అంటే దగ్గర దగ్గర నాలుగు గజాలు. యాభై అయిదులోంచి తీసేస్తే యాభై ఒకటి. గోడ ఉన్నచోటే ఉంది. ఆ లెక్క తప్పని తేలాలని ఎన్నిసార్లు తుడిచి వేశానో. ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది.

బాబాయి తిరిగొచ్చేసరికి మేమంతా అన్నాలు తింటున్నాం. ఈటె గుమ్మం పక్కన ఆనించి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"అయిదోవాణ్ణయ్యా అన్నయ్యా. యాభై మూడు. స్టీలు టేపు పెట్టి కొలిచారు" అన్నాడు.

"పోనీలేరా. కొత్త చోటు, బెదురుంటది" అన్నాడు నాన్న.

"బెదురు కాదు. చెయ్యి సరిగ్గానే లేచింది. కానీ ఇక్కడ ఏసినంత కూడా అక్కడ ఎయ్యలేకపోయా."

యాభై మూడు! జన్మలో ఎన్నడూ యాభై ఒకటి దాటని చెయ్యి, ముక్కూ మొహం తెలియని జనం మధ్య, స్టీలు టేపు కింద, యాభై మూడు వేసింది. ఆయన బతుకులో అంతకన్నా దూరం ఎప్పుడూ వేయలేదు. గోడ దాటిన రోజున ఓడిపోయానని తలదించుకుని ఇంటికొచ్చాడు. ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే. చెప్పాలంటే తాడు సంగతి చెప్పాలి, తాడు సంగతి చెబితే జంక్షన్ ఉద్యోగం సంగతీ వస్తుంది. అప్పటికే దాన్ని ఇంకెవరికో ఇచ్చేశారు. నాకు భయం వేసింది. రేపు చెబుదాంలే అనుకుని ముద్ద మింగాను.

ఆయన మళ్ళీ ఇసుకలోకి దిగలేదు. చెయ్యి మోసం చేసిందనే అనుకున్నాడు. మగ్గం మీద కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి దానివైపు పరాయి మనిషిని చూసినట్టు చూసేవాడు. ఓ నెల పోయాక నాయనమ్మ ఇనప మొన పీకించి, ఈటెను వసారాలో అడ్డంగా వేలాడదీసి దాని మీద తడిచీర ఆరేసింది. ఆయన వద్దంటాడని ఎదురుచూశాను. చీర కింద నుంచి తల వంచుకుని లోపలికెళ్ళాడు.

రెండేళ్ళకు టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో దానికి మందూ మాకూ సరిగ్గా లేదు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని విసురుతున్నాను. కళ్ళు తెరిచి నావైపు చూశాడు. ముఖం ఎండిపోయినా కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి.

"అమ్మడూ, నువ్వే గదా కొలిచింది. నిజంగానే యాభై అయిదు ఏశాను గదా?"

అప్పటికి నాకు పన్నెండేళ్ళు దాటాయి. చెప్పే వయసే. నోరు తెరిచాను కూడా. ఆయన చూపులో ఆ యాభై అయిదు ఒక్కటే మిగిలి ఉన్నట్టనిపించింది. దాన్ని లాక్కుని యాభై మూడు చేతిలో పెడితే ఎక్కువిచ్చినట్టో తక్కువిచ్చినట్టో నాకు తేలలేదు. "అవును బాబాయ్, యాభై అయిదు. నేనే కొలిచాను" అన్నాను. ఆయన నవ్వాడు. "మరెందుకు ఏశానో అక్కడ తక్కువ" అని గొణుక్కుంటూ కళ్ళు మూసుకున్నాడు. నాలుగో రోజున పోయాడు.

తర్వాత నేను చదువుకుని లెక్కల టీచర్నయ్యాను. దేవుడి పరాచికం కాకపోతే ఏమిటిది! ముప్పై ఏళ్ళు పిల్లలకు ఒకటే పాఠం చెప్పాను. కొలవబోయే ముందు స్కేలు సరిగ్గా ఉందో లేదో చూసుకోండర్రా అని. టీచరమ్మకు స్కేలు పిచ్చి అని వెనకాల వెక్కిరించుకునేవాళ్ళు, నా చెవిన పడుతూనే ఉండేది.

నిన్న సాయంత్రం మనవరాలి చేత టేపు పట్టించి, మా గేటు దగ్గర నుంచి వీధిలో యాభై మూడు గజాలు కొలిపించాను. ఇస్త్రీ బండి దాటి, ఆ పైన మందుల షాపు మెట్ల దాకా వచ్చింది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూస్తే మా గేటు చాలా చిన్నగా కనిపించింది. "ఇంత దూరం విసిరాడా నానమ్మా?" అంది పిల్ల, కళ్ళింత చేసుకుని. "విసిరాడే. ఆ సంగతి ఆయనకే తెలీదు" అన్నాను. చెప్పడానికి పట్టింది అంతే, ఒక్క నిమిషం. ఆయన ఇంటికొచ్చాక రెండేళ్ళ పాటు ఆ నిమిషం రోజూ నా చేతిలోనే ఉంది. ఆయన పోయాక డెబ్బై ఏళ్ళ కాలం వచ్చి పడింది గానీ, అందులో ఆ నిమిషం మాత్రం లేదు.