ఏ వైపు పోలిక

కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములు సరిచేసే ఆవిడను అందరూ అద్దాలమ్మ అంటారు. పిల్లకు సైటు వచ్చిందని తేలగానే తల్లిదండ్రులు ఆవిడ బల్ల ముందే తగువుకు దిగుతారు. మీ వాళ్ల పోలికేనని ఆయన, మీ నాన్నవి సోడాబుడ్డి అద్దాలు కావా అని ఆమె. "తిలాపాపం తలా పిడికెడు! ముందు పిల్లకి బోర్డు కనిపించనివ్వండి" అని నవ్వుతూ అద్దాలమ్మ కళ్లజోడు కాడ వంచుతుంది. పరాయి సంసారాలకు తీర్పు చెప్పడం ఎంత తేలికో!

గుట్టు దాచే మనిషని కూడా ఆవిడకు పేరుంది. ఆవిడ ఆడపడుచు పెళ్లి మానుకుని ఒక స్నేహితురాలితో కలిసి ఉంటోంది. ఒక మధ్యాహ్నం కళ్లజోడు బిగించుకోవడానికి వచ్చి, "మేం ఉత్త స్నేహితులం కాదు వదినా. అన్నయ్యకి నేనే చెప్పుకుంటా, ధైర్యం వచ్చినప్పుడు" అంది. ఏళ్లు గడిచినా ఆ మాట అద్దాలమ్మ పెదవి దాటలేదు.

ఒక ఆదివారం ఆడపడుచు భోజనానికి వచ్చింది. ఆమె మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లినప్పుడు, అద్దాలమ్మ కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"నా పెళ్లి మాట ఇక ఎత్తొద్దు. నా మనసు అమ్మాయిల మీదకి పోదు. ఒకబ్బాయిని ఇష్టపడుతున్నా."

తండ్రి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎవరు నేర్పార్రా ఇది?"

"ఎవరూ నేర్పలేదు నాన్నా. కొంత పుట్టుకతోనే వస్తుందంటున్నారు. ఫలానా జన్యువేనని తేలలేదు, ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు."

అందులో ఆయన చెవికెక్కింది జన్యువు ఒక్కటే. "జన్యువంటే వంశమేగా! మాది నిప్పులాంటి వంశం. ఇది మీ అమ్మ వైపుదే. వాళ్ల బాబాయి పెళ్లి లేకుండా ఊళ్లు పట్టుకు తిరగలేదూ?"

కొడుకు పరీక్ష తప్పినా, పొట్టిగా ఉన్నా, చివరికి ముక్కు కారినా ఆయనకు అత్తారి వంశమే గుర్తొచ్చేది. ఇన్నేళ్ల మంట అద్దాలమ్మకు ఒక్కసారిగా తలకెక్కింది.

"నా వైపా? ముందు మీ చెల్లెల్ని అడగండి, ఆ స్నేహితురాలు తనకి ఏమవుతుందో!"

అంతే, గెలిచేసింది. ఆ కాసేపూ ఆవిడకు హాయిగా కూడా ఉంది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఎక్కువ సిగ్గేసింది ఆ హాయికే.

వంటింటి గుమ్మంలో ఆడపడుచు నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడి ఉంది.

"నిజమేనా అమ్మాయ్?" అన్నాడు అన్న.

"నిజమే అన్నయ్యా. నా నోటితో నేనే చెబుదామనుకున్నా."

జగ్గు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. వదిన వైపు చూడలేదు. ఆయనా లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అద్దాలమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కన్నకొడుకు ధైర్యం కూడగట్టుకుని చెప్పుకున్న మాటను తనూ ఒక చెత్తలాగే చూసింది, భర్త తన గుమ్మంలో వేస్తే ఆడపడుచు గుమ్మంలోకి ఊడ్చేసింది. ఈ గొడవలో వాణ్ణి ఒక్క మాట కూడా అడగలేదు. ఇప్పుడైనా అడుగుదామని పక్కకు వెళ్లి కూర్చుంది.

"ఆ అబ్బాయి పేరేంటి నాన్నా?"

కొడుకు కంచాలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎందుకమ్మా? రేపు ఎవరితోనైనా పోట్లాటొస్తే చెప్పడానికా?"