లైన్ లేని ఆదివారం

నిన్న అమెరికాలో, మా అరోరా ఊళ్ళోని షెల్టర్ వంటగదిలో పులిహోరకి ఇంగువ పోపు పెడుతుంటే, ఆ వాసనకి నాకు మళ్ళీ ఏడేళ్ళు వచ్చేశాయి.

అమ్మ నన్ను మొదటిసారి ఇక్కడికి తెచ్చింది అప్పుడే, ఒక ఆదివారం. పట్టుచీర కట్టుకుని, పెద్ద గిన్నెడు పులిహోరతో వచ్చింది. ఇల్లు లేనివాళ్ళు ఉండే చోటని నాకు తెలియదు. అందరూ ప్లేట్లు పట్టుకుని లైన్‌లో నిలబడ్డారు. అమ్మకి అది నచ్చలేదు.

"ప్లీజ్, అందర్నీ కూర్చోమనండి. నేనే సర్వ్ చేస్తాను" అంది మేనేజర్‌తో.

గరిటె పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్ళి, చాలన్నవాళ్ళకి కూడా కొసరి కొసరి వడ్డించింది. నాకదంతా పెళ్ళిలాగే కనిపించింది.

"పెళ్ళికూతురేదమ్మా?" అని కార్‌లో అడిగాను.

అమ్మ నవ్వింది. "పెళ్ళికూతురు లేదు తల్లీ. వీళ్ళంతా మగపెళ్ళివారు. మర్యాదలో ఏ లోటూ రాకూడదు."

నిన్న ఇప్పటి మేనేజర్ కొత్త వాలంటీర్లకి చెబుతోంది: "సండే ఇక్కడ లైన్ ఉండదు. మనమే వెళ్ళి వడ్డించాలి."

"ఎందుకలా?" అంది ఒకమ్మాయి.

"ఏమో, ఎప్పటినుంచో ఇంతే."

ఎప్పటినుంచి అన్నది నాకు తెలుసు. గరిటె తీసుకుని మగపెళ్ళివారి దగ్గరికి నడిచాను.