మా అమ్మాయి మెదడు ఫోటో

మా ఇంట్లో కుదురుగా ఒకచోట ఉండేది ఫ్రిజ్జు ఒక్కటే. అది కూడా గుర్రుమంటూనే ఉంటుంది.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. అన్నం తింటూ లేస్తుంది, హోంవర్కు చేస్తూ లేస్తుంది. బూట్లు వేసుకోమంటే ఒకటి వేసుకుని, రెండోదాన్ని వెతకబోయి, కాసేపటికి పెరట్లో బంతితో దొరుకుతుంది. పిల్లల డాక్టరు దానికి ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టి ఏడాది దాటింది. నేనూ తక్కువ తినలేదు. మేముండే ఈ పరాయిదేశపు నగరం శివారున, ట్రుగనీనాలో ఒక గోడౌన్ ఆఫీసులో పని నాది. లారీ ఆలస్యమైతే డ్రైవరు మీద చిరాకు, సమయానికి వస్తే కంప్యూటర్ మీద చిరాకు. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చాక ఇల్లు మరీ సందడైంది. ఆవిడ తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడుస్తారు, టీవీ సీరియల్ నిలబడి చూస్తారు. మా ముగ్గురి మధ్య మా ఆయన సోఫాలో కూర్చుని, ఏమీ పట్టనట్టు ఫోను చూసుకుంటాడు. ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు డాక్టరు ఒక పరిశోధన గురించి చెప్పారు. ఇలాంటి పిల్లల ఉమ్మీ, వాళ్ళ అమ్మానాన్నల ఉమ్మీ తీసుకుని జన్యువుల్ని పరీక్షిస్తారట. పిల్లల మెదడుకి ఎమ్మారై కూడా తీస్తారట. ఆయన మాట పూర్తికాకముందే సరేనన్నాను. నాకో కారణం ఉంది. పిల్లకి ఇలా ఉందని తెలిసిన రోజు మా అత్తగారు, "మా వంశంలో ఇట్టాంటివి లేవమ్మా" అని ఊరుకున్నారు. అంటే మా పుట్టింటి వైపు నుంచి వచ్చిందనేగా! ఇది ఎవరి వైపుదో సైన్సు చేతే చెప్పించి ఆవిడ ముందు పెట్టాలని నా పంతం.

పరిశోధన చేసే అమ్మాయి చాలా నెమ్మదిగా, నా పంతమంతా నీరుగార్చేసింది. ఇలాంటివి కుటుంబాల్లో వస్తూంటాయి, నిజమే. కానీ ఏ ఒక్క జన్యువో దీనికి కారణం కాదు. బోలెడన్ని జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి, అవి రెండు వైపుల నుంచీ రావచ్చు. మీ ఇంటి ఫలితం ఇదీ అని విడిగా చెప్పరు. స్కాన్ చూసి ఈ పిల్లకి ఉంది, ఆ పిల్లకి లేదు అని కూడా తేల్చలేరు. చాలామంది పిల్లల బొమ్మలు పక్కపక్కన పెట్టి, వయసుతోపాటు మెదడు ఎలా ఎదుగుతోందో చూస్తారు, అంతే. నాకు ఉసూరుమనిపించింది. అక్కడికక్కడే వద్దని చెప్పి వచ్చేసేదాన్నే.

మా అమ్మాయి రానివ్వలేదు. దాని కారణం దానిది. అంతకుముందు నెల నగరానికి ఆ చివరనున్న క్లైడ్ నార్త్‌లో ఎవరిదో పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. కేకు కోస్తుండగా ఒకావిడ ఇంకొకావిడతో, "పాపం, ఆ పిల్లకి బ్రెయిన్‌లో ఏదో తేడా అంట" అంది, అది అక్కడే ఉండగా. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్తారు కాబట్టి వాళ్ళకి తెలుగు అర్థం కాదనుకుంటారు మనవాళ్ళు. ఇంటికొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లోంచి అడిగింది.

"అమ్మా, వాట్స్ ద తేడా? కెన్ యూ సీ ఇట్?"

ఆ ఆంటీని తిట్టుకుంటూ వెస్ట్ గేట్ బ్రిడ్జి దాటాను. ఇప్పుడు ఈ పరిశోధన అమ్మాయేమో, స్కాన్ అయ్యాక పిల్లలకి వాళ్ళ మెదడు ఫోటో ఒకటి ఇస్తామంది. మా అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి, "ఐ వాంట్ మైన్" అంది. కానీ స్కానర్‌లో కదలకుండా పడుకోవాలి. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. సినిమా పూర్తిగా ఎన్నడూ కూర్చుని చూడని పిల్ల ఇది!

ఇంట్లో సాధన మొదలుపెట్టాం. గోడౌన్ నుంచి పెద్ద అట్టపెట్టె తెచ్చాను. అది తల అందులో పెట్టి పడుకోవాలి, నేను ఫోన్లో స్కానర్ చప్పుడు పెడతాను. మొదట్లో ముక్కు దురద అనేది, కాలు తిమ్మిరి అనేది. పెట్టెలోంచే నాకు పొడుపుకథలు వేసేది. నేను కేకలేసేదాన్ని, అది ఏడ్చేది, మా ఆయన ఇద్దరికీ నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. ఉన్నట్టుండి ఒక వారంలో పిల్ల మారిపోయింది. పెట్టెలో తల పెడితే బొమ్మలా పడుకునేది. నేను నేర్పిన పద్ధతే పనిచేసిందని ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

స్కాన్ రోజు సెలవు పెట్టాను. మా అత్తగారు కూడా వస్తానన్నారు. ఎమ్మారై గదిలో ఉండేది పెద్ద అయస్కాంతం, అందుకని ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. చెవులవి, జడక్లిప్పులు నేనే తీసేశాను. ఇంకేమైనా ఉన్నాయా అని టెక్నీషియన్ అడిగితే ఏమీ లేవన్నాను. మా అమ్మాయి మాత్రం గడప దగ్గరే నిలబడిపోయింది. చెయ్యి నడుము మీద పెట్టుకుంది.

"అమ్మా, డోంట్ గెట్ మ్యాడ్."

చొక్కా పైకెత్తింది. నల్లతాడు, దానికి రాగి తాయెత్తు. గుంటూరు నుంచి ఆవకాయ తెచ్చానని విమానాశ్రయంలో అధికారులకి చెప్పి చూపించిన మా అత్తగారు, ఇది తెచ్చినట్టు ఇంట్లో నాకు కూడా చెప్పలేదు. అమ్మకి చెబితే పనిచెయ్యదని నానమ్మ అందట. కడుపులో ఏ మాటా దాచుకోలేని పిల్ల, ఇన్నాళ్ళూ ఇది దాచుకుంది. లోపల ఏముందని టెక్నీషియన్ మర్యాదగా అడిగాడు. నాకేం తెలుసు? తీసేస్తేగానీ లోపలికి పంపనన్నాడు. మా అమ్మాయి రెండు చేతులతో తాయెత్తు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. తను కదలకుండా ఉంటోంది దానివల్లేనని అది నమ్మింది.

"ఐ విల్ మూవ్! దే వోంట్ గివ్ మీ మై బ్రెయిన్!"

విసురుగా బయటికి వెళ్ళాను. మా అత్తగారు వెయిటింగ్ రూములో చెల్లాచెదురుగా పడున్న ఆటబొమ్మల్ని ఒకదాని పక్కన ఒకటి సర్దుతున్నారు.

"అత్తయ్యా, దాని నడుముకి ఏం కట్టారు? ఇప్పుడు అది లోపలికి వెళ్ళనంటోంది. ఫోటో రాకపోతే దానికెవరు జవాబు చెప్తారు?"

ఆవిడ నా వెంట వచ్చారు. మనవరాలి ముందు కింద కూర్చున్నారు. ముడి బిగుసుకుపోయింది, వేళ్ళకి రాలేదు. వంగి పంటితో విప్పారు.

"ఇట్టాంటిదే నాకూ కట్టారే అమ్మడూ, నీ అంతప్పుడు."

"డిడ్ ఇట్ వర్క్?"

పనిచేసిందా అంటోంది అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ దానికేసి తిరిగారు.

"లేదు. ఒక్కరోజు కూడా పని చెయ్యలా. నేను గోడలు దూకుతానే ఉన్నా. అట్టపెట్టెలో కదలకుండా పడుకుంది నువ్వు, తాయెత్తు కాదు. పో, పోయి పడుకో."

అది ఏడుపాపింది. ముక్కు చొక్కాతో తుడుచుకుని ఆవిణ్ణి కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

మేమిద్దరం కూర్చోలేకపోయాం. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం. నాకు కోపం ఇంకా దిగలేదు.

"పని చెయ్యదని తెలిసి దానికెందుకు కట్టారు?"

"ఇంకేం చెయ్యాలో నాకు తెలిస్తేగా అమ్మాయ్. మా వాళ్ళకి తెలిసిందదే, నాకు తెలిసిందీ అదే."

నడుస్తూనే చెప్పారు. నాలుగో తరగతిలో మాస్టారు వాళ్ళ నాన్నని పిలిపించి, కుదురుగా కూర్చోలేని పిల్లకి చదువెందుకండీ అన్నారట. మర్నాటి నుంచి బడి మానిపించారు. అన్నదమ్ములు చదువుకున్నారు. "నాకు లెక్కలు బాగా వచ్చేయి" అన్నారు. ఆ మాట అంటూ ఆవిడ నడక ఇంకా పెరిగింది, నేను పరిగెత్తినట్టు వెంట నడవాల్సి వచ్చింది.

"మా వంశంలో లేవని నీతో అన్నా. నా నుంచే దానికొచ్చిందేమోనని భయమేసింది. అట్టా అంటే పోద్దనుకున్నా."

నాకు సిగ్గేసింది, జాలేసింది. ఆ పరిశోధన అమ్మాయి నాకు చెప్పిందే ఆవిడకి చెప్పాను. ఒక్కరి నుంచి రాదత్తయ్యా, అన్ని వైపుల నుంచీ కాస్త కాస్త వస్తుంది, ఇది ఎవరి తప్పూ కాదు అన్నాను. ఆవిడ తల ఊపారుగానీ నమ్మినట్టు లేరు. గోడ అవతల స్కానర్ దడదడలాడుతోంది, ఆగుతోంది, మళ్ళీ దడదడలాడుతోంది. ఆగినప్పుడల్లా పిల్ల కదిలిందేమోనని నా ప్రాణం పోతోంది.

చివరికి తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి కాగితం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నలుపూ తెలుపూ మడతలతో మెదడు, కింద ముక్కు, గడ్డం. అచ్చం దాని ముక్కే.

"లుక్, అమ్మా! ఇట్స్ ఆల్ దేర్!"

దాన్ని గట్టిగా పట్టుకున్నాను. విదిలించుకుంది.

"ఐ మూవ్డ్. మై నోస్ వాజ్ సో ఇచీ. దే సెడ్ ఎవ్రీబడీ మూవ్స్. సో దే డిడ్ ఇట్ అగైన్."

"ఏమంటందమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

"మధ్యలో కదిలిందట అత్తయ్యా. అందరూ కదులుతారులే అన్నారట. మళ్ళీ తీశారట."

ఆవిడ ఫోటో వైపు చూడలేదు. నా మొహమే చూస్తున్నారు.

"కదిలితే పొమ్మనలా?"

"లేదత్తయ్యా."

"మళ్ళీ తీశారా?"

"మళ్ళీ తీశారు."

ఆవిడ గోడ పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా భుజాలు ఎగరేస్తూ ఏడ్చారు. మా అమ్మాయి ఒంటికాలి మీద గెంతుతూ వచ్చి, తన మెదడు ఫోటో ఆవిడ ఒళ్ళో పెట్టింది.